ఓపెత్ ‘డామ్నేషన్’ కొందరికి ప్రాణం, కొందరికి నిద్రమాత్ర. ఎవరి మాట నిజం?

తమ్ముడు అడిగింది క్లుప్తంగా ఇదీ. తిరుపతిలో ఇంజనీరింగ్ మూడో సంవత్సరం, రెండేళ్లుగా గిటార్ నేర్చుకుంటున్నాడు. మెటల్ అనే హోరెత్తే రాక్ వాయించే స్వీడన్ బ్యాండ్ ఓపెత్ వాళ్ల ‘డామ్నేషన్’ ఆల్బమ్ ఈ మధ్యే విన్నాడు, తెగ నచ్చేసింది. హాస్టల్లో మెటల్ వినే సీనియర్ ఒకడు ‘అది నిద్రమాత్ర’ అన్నాడట, ఇంకొకడు ‘ఆ బ్యాండ్ డబ్బుకు అమ్ముడుపోయింది అక్కడే’ అన్నాడట, గిటార్ సారేమో ‘బాగుంది గానీ పాటలన్నీ ఒకటే’ అన్నాడట. ‘ఎవరిది కరెక్ట్ అన్నా, ఈ విషాదం నిండిన అకౌస్టిక్ ఆల్బమ్‌ని ఎట్లా వినాలి?’ అని ప్రశ్న.

నేను ఇరవై ఏళ్లకు పైగా ఈ ఆల్బమ్ వింటున్నాను, దాని గురించి స్నేహితులతో గొడవలు పడ్డాను. పెళ్లి ఆర్కెస్ట్రాల్లో గిటార్, కీబోర్డు వాయించి బతికాను, ఇప్పుడు బైరాగిపట్టెడలో పిల్లలకు గిటార్ చెప్పుకుంటున్నాను. కాబట్టి సమాధానం కొంచెం పొడుగ్గానే వస్తుంది, ఓపిక చేసుకో.

ముందు నా తీర్పు చెప్పేస్తా. ముగ్గురూ పూర్తిగా తప్పు కాదు. కానీ ముగ్గురూ ఆ ఆల్బమ్ చేయాలనుకోని పనిని చేయలేదని తిడుతున్నారు. మన చిత్తూరు పక్క తోతాపురి కాయ కొనుక్కొచ్చి, ఇందులో బేనీషా తీపి లేదే అని మొహం ముడుచుకున్నట్టు ఉంది వ్యవహారం. తోతాపురికి ఉప్పు కారం పెట్టుకోవాలి సామీ.

అసలు మొదటి చిక్కు ‘అకౌస్టిక్’ (కరెంటు అక్కర్లేని చెక్క గిటార్) అనే మాటతోనే. అందరూ అకౌస్టిక్ ఆల్బమ్ అంటారు, నువ్వూ అన్నావు. జాగ్రత్తగా విను, అందులో మోగేది చాలా భాగం ఎలక్ట్రిక్ గిటారే, డిస్టార్షన్ (మెటల్‌లో వినిపించే ఆ గరగర) లేని క్లీన్ టోన్‌లో. అకౌస్టిక్ గిటార్ ఉంది, లేదనను, కానీ దాని పక్కనే ఎలక్ట్రిక్ పియానో, మెలోట్రాన్ (టేపులతో మోగే పాత కీబోర్డు, దాని సంగతి తర్వాత చెబుతా), బేస్ గిటార్, పూర్తి డ్రమ్ కిట్ ఉన్నాయి. సోలోలు కూడా ఎలక్ట్రిక్ గిటార్ మీదే. అంటే నలుగురు కూర్చుని చెక్క గిటార్లు మీటుకునే వ్యవహారం కాదు ఇది, డెబ్బైల నాటి ప్రోగ్రెసివ్ రాక్ శబ్దాన్ని వాల్యూమ్ తగ్గించి వాయించడం. ఈ తేడా ఎందుకు చెబుతున్నానంటే, ‘అకౌస్టిక్’ అని చెవిలో పెట్టుకుని వింటే నీకు ఒక గిటార్, ఒక గొంతు మాత్రమే వినిపిస్తాయి, వెనకాల జరిగే పనంతా జారిపోతుంది. నీ గిటార్ సార్‌కి పాటలన్నీ ఒకటేలా అనిపించడానికి సగం కారణం అదే అని నా అనుమానం.

ఆల్బమ్ ఎట్లా పుట్టిందో తెలిస్తే ‘అమ్ముడుపోయారు’ అనే మాట దానంతట అదే పడిపోతుంది. 2001లో వాళ్ల ‘బ్లాక్‌వాటర్ పార్క్’ వచ్చింది, పేరు తెచ్చింది. దానికి నిర్మాణంలో పాలుపంచుకున్నది పోర్క్యుపైన్ ట్రీ అనే ఇంగ్లండ్ బ్యాండ్ నాయకుడు స్టీవెన్ విల్సన్. ఆ తర్వాత ఏం చేయాలి, ఇంకా బరువుగా పోవాలా, మెత్తగా పోవాలా అని ఓపెత్ నాయకుడు మికాయెల్ ఓకర్‌ఫెల్ట్ ఎటూ తేల్చుకోలేకపోతుంటే, కాటటోనియా బ్యాండ్ గాయకుడు యోనాస్ రెంక్సె, ఆయనకు పాత స్నేహితుడు, రెండూ చేసేయరాదా అన్నాడట. సరే అని 2002లో గోథెన్‌బర్గ్‌లో రెండు ఆల్బమ్‌లు ఒకే దెబ్బలో రికార్డింగ్ మొదలుపెట్టారు. రికార్డు కంపెనీకి ఈ ఆలోచన పెద్దగా రుచించలేదు, మెత్తటి ఆల్బమ్ ఎవరు కొంటారని. రిహార్సల్‌కి సరిగ్గా టైం లేదు, స్టూడియోలో పని అనుకున్న దానికంటే వెనకబడింది, అందరికీ టెన్షన్. బరువైన సగం ‘డెలివరెన్స్’ పేరుతో 2002 నవంబర్‌లో వచ్చింది, మెత్తటి సగం ‘డామ్నేషన్’ 2003 ఏప్రిల్‌లో. అమ్ముడుపోవాలనుకున్నవాడు ఇంత కష్టం పడి, కంపెనీ వద్దంటున్న సరుకు తయారు చేస్తాడా? పైగా 2005లో ‘గోస్ట్ రెవెరీస్’తో మళ్లీ గర్జిస్తూనే వచ్చారు. గ్రౌల్స్, అంటే ఆ గర్జించే పాట, నిజంగా మానేసింది 2011లో ‘హెరిటేజ్’తో, అదీ మళ్లీ 2024 ఆల్బమ్‌లో తిరిగొచ్చింది. కాబట్టి ఆ సీనియర్‌కి చెప్పు, కేసు కొట్టేశారని.

ఇంకో విషయం. ఆ రికార్డింగ్ జరుగుతున్న రోజుల్లోనే ఓకర్‌ఫెల్ట్ వాళ్ల అమ్మమ్మో నానమ్మో, ఇంగ్లీషులో ఒకే మాట కదా, కారు ప్రమాదంలో పోయింది. రెండు ఆల్బమ్‌లనూ ఆమెకే అంకితం ఇచ్చాడు. పాటలన్నీ ఆమె గురించి కాదు, అట్లా పొరబడొద్దు. కానీ పాడేటప్పుడు ఆ మనిషి ఏ స్థితిలో ఉన్నాడో తెలుసుకుని వింటే గొంతు వేరేగా వినిపిస్తుంది నాకు.

ఆ గొంతు దగ్గర కొంచెం ఆగాలి. ఎందుకంటే మన తెలుగువాళ్లకు ఈ ఆల్బమ్ మొదట్లో ఎక్కకపోవడానికి అసలు కారణం అక్కడుంది. మనం పాథోస్ పాటలు విని పెరిగినవాళ్లం. మన సినిమా విషాద గీతం నిర్మాణం నాకు చేతులకు అలవాటు, వందలసార్లు వాయించా: ముందు ఒంటరి వయొలిన్, తర్వాత గొంతు తక్కువ స్థాయిలో మొదలు, చరణంలో మెల్లగా పైకి, చివరికి తారస్థాయికి పోయి గొంతు వణికి, వెనక వయొలిన్లన్నీ కలిసి ఎత్తుకుని, ప్రేక్షకుడి చేత ఏడిపించి గానీ దించరు. అదో గొప్ప విద్య, తక్కువ చేయట్లేదు. కానీ ‘డామ్నేషన్’లో అది ఒక్కసారి కూడా జరగదు. గాయకుడు ఏడవడు. గొంతు పెంచడు. ‘ఇన్ మై టైమ్ ఆఫ్ నీడ్’ పల్లవి దగ్గర కాస్త పైకి లేచినట్టే లేస్తుంది, ఇప్పుడు బద్దలవుతుందిలే అని మనం కాచుకుంటాం, బద్దలవదు, మళ్లీ అదే మెట్టు మీద కూర్చుంటుంది. చావు జరిగిన ఇంట్లో మొదటి రోజు ఏడుపు వేరు కదా, పదకొండో రోజు చుట్టాలంతా బస్సెక్కిపోయాక, చాపలు చుట్టేశాక, ఒక మనిషి మామూలు గొంతుతో పాలవాడికి లెక్క చెబుతుంటే ఉండే దిగులు వేరు. ఈ ఆల్బమ్ ఆ రెండో రకం.

ఒక సంగతి చెబుతా. చంద్రగిరి నుంచి ఒక పిల్లాడు నా దగ్గర నేర్చుకునేవాడు. ‘విండోపేన్’ మొదట్లో వచ్చే మీటు నేర్పించా, అందులో మాటల్లేవు, గిటార్ ఒక్కటే. ఇంట్లో వసారాలో కూర్చుని దాన్నే వారం పాటు రుద్దుతున్నాడు. వాళ్ల అవ్వ పక్కనే చాట పెట్టుకుని చింతపండు గింజలు తీస్తా ఉండేదంట. మూడో రోజో నాలుగో రోజో చెయ్యి ఆపి, ‘ఎవురు పోయినారప్పా?’ అని అడిగిందంట. వీడు నా దగ్గరికి వచ్చి ‘చూడండి సార్, మా అవ్వ ఎగతాళి చేస్తోంది’ అని ఒకటే బాధ. ఎగతాళి కాదురా, ఇంగ్లీషు రాని, ఓపెత్ పేరు వినని డెబ్బై ఏళ్ల మనిషికి నీ వేళ్ల నుంచి సంగతి చేరిపోయింది, ఇంకేం కావాలి అన్నాను. వాడికి అర్థమైందో లేదో. ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం, గిటార్ అటక మీద ఉందంట.

సరే, ఆ వెనకాల జరిగే పని అన్నాను కదా, అందులో ముఖ్యమైనది మెలోట్రాన్. ‘డామ్నేషన్’ రంగు సగం దీనిదే, దీన్ని పట్టుకుంటే చాలు ఆల్బమ్ తెరుచుకుంటుంది. చూడ్డానికి కీబోర్డులా ఉంటుంది, 1963 ప్రాంతంలో ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్ దగ్గర తయారైంది. లోపల సర్క్యూట్ శబ్దం పుట్టించదు. ఒక్కో కీ కింద ఒక్కో టేపు ముక్క ఉంటుంది, దాని మీద నిజం వయొలిన్లో, ఫ్లూటో, బృందగానమో ముందే రికార్డు చేసి ఉంటుంది. కీ నొక్కితే ఆ టేపు తిరుగుతుంది, వదిలితే స్ప్రింగ్ వెనక్కి లాగేస్తుంది. టేపు పొడవు దాదాపు ఎనిమిది సెకన్లే, అంతకు మించి నొక్కి పట్టుకున్నా శబ్దం ఆగిపోతుంది. డెబ్బైల్లో ఎక్కువగా వాడిన మోడల్‌కి 35 కీలు. మోటారు వేగం అటూ ఇటూ అవుతుంది, టేపు కాస్త జారుతుంది, అందుకే వయొలిన్ స్వరం నిలకడగా ఉండక సన్నగా వణుకుతూ ఉంటుంది.

నీ వయసుకు తెలియదేమో, మా కాలంలో రైల్వే స్టేషన్ బయట ఎండలో పరిచి అన్నమయ్య కీర్తనల క్యాసెట్లు అమ్మేవాళ్లు. మే నెల ఎండకు టేపు సాగిపోయి, ఇంటికి తెచ్చి వేస్తే తంబూరా ఊగేది. ఆ ఊగుడులో ఒక దిగులు ఉండేది, పాడినవాళ్లు ఉద్దేశించనిది, టేపు తెచ్చిపెట్టినది. మెలోట్రాన్ దిగులు ఆ జాతిదే. మనుషులు వాయించిన వయొలినే, కానీ చాలా దూరం నుంచి, చాలా ఏళ్ల కిందటి నుంచి వినిపిస్తున్నట్టు ఉంటుంది. ఈ ఆల్బమ్‌లో కీబోర్డులు, మెలోట్రాన్ వాయించింది విల్సనే, వెనక గొంతు కలిపిందీ ఆయనే, మిక్స్ చేసిందీ ఆయనే. ‘టు రిడ్ ద డిసీజ్’ వేసుకుని పాటను, గిటార్‌ను పట్టించుకోకుండా ఒక్క మెలోట్రాన్ వెంట పడి చూడు. ఎక్కడ లోపలికి వస్తుంది, ఎక్కడ తప్పుకుంటుంది. ఆ రాకపోకలే ఈ పాటల్లో కథ. మామూలు మెటల్ పాటలో గొంతు పెంచి చేసే పనిని ఇక్కడ ఒక వాయిద్యం గదిలోకి వచ్చి పోవడం ద్వారా చేస్తున్నారు.

‘పాటలన్నీ ఒకటే’ అన్న ఫిర్యాదుకు వస్తా, ఎందుకంటే దాంట్లో నిజం ఉంది. ఎనిమిది పాటలు, మొత్తం 43 నిమిషాలు. నడక దాదాపు అన్నిట్లో నిదానమే, గిటార్ టోన్ దాదాపు ఒకటే, గాయకుడి మూడ్ ఒకటే. ఓపెత్ వాళ్ల మామూలు పాట పది నిమిషాలు దాటి కొండలెక్కి లోయలు దిగుతుంది, ‘డెలివరెన్స్’ టైటిల్ పాటే పదమూడు నిమిషాలకు పైన. ఇక్కడ అన్నిటికన్నా పొడుగు ‘విండోపేన్’, అది ఎనిమిది నిమిషాల లోపే. ఎత్తుపల్లాలకు అలవాటు పడ్డ చెవికి ఈ మైదానం విసుగ్గా ఉండటం సహజం. కానీ రాగాలాపన వినే అలవాటు ఉన్నవాడు ‘ఇంతసేపూ ఒకటే రాగమా’ అని అడగడు కదా. మన ఊళ్లో ఎస్వీ సంగీత కళాశాలలో వయొలిన్ నేర్చుకున్న స్నేహితుడికి ఇది వినిపిస్తే మొదటి వినికిడిలోనే కుదురుకున్నాడు. రాక్ అంటే ఏమీ తెలియదు వాడికి. పాశ్చాత్య సంగీతంలో నేచురల్ మైనర్ అనే స్వరవరుస అంటే మన నఠభైరవి స్వరాలేరా అని చెప్పాను, హార్మోనిక్ మైనర్ అయితే కీరవాణి అని. వాడు చెప్పిన మాట మాత్రం స్వరాల గురించి కాదు. ‘కార్డు (కలిపి మోగే స్వరాల గుంపు) మారినా ఒక తీగ మాత్రం మారకుండా మోగుతూనే ఉంటోంది చూడు, అది శ్రుతిలా నిలబడటం లేదు, పంటి కింద రాయిలా ఉంది, తీసేయబుద్ధి కావట్లేదు’ అన్నాడు. సరిగ్గా అదే. గిటార్ నేర్చుకుంటున్నావు గనుక ఈ మాట గుర్తు పెట్టుకో, వాయించేటప్పుడు పనికొస్తుంది.

నా సొంత ఫిర్యాదులు కూడా ఉన్నాయి, అభిమానిని కదా అని దాచను. ‘డెత్ విస్పర్డ్ ఎ లల్లబై’ సాహిత్యం విల్సన్ రాశాడు, చావు జోల పాడటం అన్న ఊహ బాగుంది, కానీ ఆ మాటను అన్నిసార్లు ముఖం మీద చెప్పాల్సిన అవసరం లేదు. మిగతా ఆల్బమ్ దాచిపెట్టే పని చేస్తుంటే ఇదొక్కటి బోర్డు కట్టినట్టు ఉంటుంది. చివరి గిటార్ సోలో కాపాడింది దాన్ని. రెండోది, పాటల వరుస. ‘ఎండింగ్ క్రెడిట్స్’ మాటల్లేని చిన్న వాయిద్య గీతం, ఇంగ్లీషు పాత బ్యాండ్ క్యామెల్‌లో ఆండ్రూ లాటిమర్ గిటార్ గుర్తొస్తుంది దాన్ని వింటే, హాయిగా ఉంటుంది. పేరు కూడా అదే కదా, పేర్లు పడుతున్నాయి, ఇక లేవచ్చు అని. జనం చెప్పులు వెతుక్కుంటుంటే అప్పుడు ‘వీక్‌నెస్’ వస్తుంది, డ్రమ్స్ లేకుండా, గొంతు, కీబోర్డు, కాస్త గిటార్ అంతే. మొదట్లో ఇది వరుస తప్పు అనుకునేవాడిని. ఇప్పటికీ సగం రోజులు అట్లాగే అనుకుంటాను. మిగతా సగం రోజులు, సినిమా హాలు ఖాళీ అయ్యాక ఊడ్చేవాళ్లు రాకముందు ఉండే ఆ రెండు నిమిషాలు ఆ పాట అనిపిస్తుంది.

సాహిత్యం మరీ సింపుల్‌గా ఉందని, ఇంగ్లీషు అక్కడక్కడా తేడాగా ఉందని కొందరంటారు. స్వీడన్ మనిషి, ఇంగ్లీషు ఆయనకు పరాయి భాష. మనకూ అంతే. నాకైతే అదే చేరువ చేసింది, పెద్ద పెద్ద మాటలు లేకుండా కిటికీ, తలుపు, రాత్రి, ఒంటరితనం, ఇట్లాంటి వాటితోనే పని కానిచ్చాడు. దీని మీద వాదన పెంచను.

‘క్లోజర్’ గురించి చెప్పకుండా ఉండలేను, దీని వల్ల నేను పరువు పోగొట్టుకున్నాను. 2004లో బెంగళూరు ఫ్రెండ్ ఒకడు ఈ పాటలన్నీ ఎంపీత్రీలుగా పంపించాడు. అప్పట్లో నా దగ్గర కంప్యూటర్ లేదు, గాంధీ రోడ్డు పక్క సందులో సీడీలు రైట్ చేసిచ్చే షాపు ఒకటుండేది, ముప్పై రూపాయలిచ్చి ఆడియో సీడీ చేయించుకున్నా. ఇంటికొచ్చి వింటే నాలుగో పాట చివర, డ్రమ్స్, గిటార్లు కలిసి ఒక సుడిలో పడి, తూర్పు దేశాల వాసన ఉన్న ఒక వరుస తిరిగి తిరిగి వేడెక్కుతూ ఉంటే, టక్కున తెగిపోయింది. మెల్లగా తగ్గడం గానీ, ఆఖరి దెబ్బ గానీ ఏమీ లేదు, కత్తెరతో కోసినట్టు. వెంటనే ఐదో పాట. షాపుకి పోయి గొడవ పెట్టుకున్నా, సరిగ్గా రైట్ చేయడం రాకపోతే షాపు ఎందుకు పెట్టావ్ అని. పాపం ఇంకో సీడీ ఉచితంగా చేసిచ్చాడు. అక్కడే తెగింది. మూడోసారి పోతే ఆయన చేతులు జోడించి ‘సామీ, నా మిషన్ బాగానే ఉంది, నీ పాటే అంత’ అన్నాడు. నమ్మలేదు నేను. నెల తర్వాత బెంగళూరు పోయినప్పుడు ఒరిజినల్ సీడీ విన్నాను, కరెక్టుగా అక్కడే తెగింది. పాట పేరేమో ముగింపు, ముగింపు మాత్రం ఇవ్వలేదు. తిరుపతి తిరిగొచ్చాక ఆ షాపు ముందు నుంచి పోవడానికి కొన్నాళ్లు మొహం చెల్లలేదు.

ఇప్పుడు ఎట్లా వినాలి అన్నదానికి. నిద్రమాత్ర అన్న సీనియర్ దేంట్లో విన్నాడో అడుగు ముందు. ఫోన్ స్పీకర్‌లోనో, హాస్టల్ గదిలో ఫ్యాన్ గరగరల మధ్య చిన్న బ్లూటూత్ డబ్బాలోనో విని ఉంటాడు. ఇందులో మార్టిన్ మెండెజ్ బేస్, మార్టిన్ లోపెజ్ డ్రమ్స్ చాలా తగ్గి, చాలా నేర్పుగా పనిచేస్తాయి. లోపెజ్ అయితే బాదడం తెలిసిన మనిషి, ఇక్కడ పుల్లలతో దాదాపు తడుముతున్నట్టు వాయించాడు. ఫోన్‌లో ఆ బేస్ ఉండదు, ఆ తాళాల చప్పుడు ఉండదు, మిగిలేది నిదానంగా పాడే ఒక మనిషి. నిద్ర రాక ఏమొస్తుంది? వైరు ఉన్న మంచి ఇయర్‌ఫోన్స్ చాలు, వేలు పోయక్కర్లేదు. వాల్యూమ్ కాస్త తక్కువే పెట్టు, నీ చెవులే దాని దగ్గరికి పోవాలి. 43 నిమిషాలు ఏకబిగిన విను, మధ్యలో రీల్స్ చూడకు. ఒకటి రెండు పాటలు షఫిల్‌లో వచ్చి పోతే ఇది నిజంగానే మామూలుగా అనిపిస్తుంది, దాని బలం వరుసగా పేరుకోవడంలో ఉంది. వీలైతే నవంబర్ దాకా ఆగు. మన దగ్గర వాన అసలు అప్పుడే కదా, శేషాచలం కొండ మబ్బులో సగం మాయమై, కపిలతీర్థం జలపాతం దూకుతున్న రోజుల్లో, కరెంటు పోయిన సాయంత్రం ‘హోప్ లీవ్స్’ పెట్టుకుని చూడు. మే నెల మధ్యాహ్నం విని బాలేదంటే నేను బాధ్యుణ్ణి కాను.

ఇంకో మాట, 2015లో ‘డెలివరెన్స్’, ‘డామ్నేషన్’ రెండూ కలిపి మళ్లీ మిక్స్ చేసి వదిలారు, ‘డామ్నేషన్’ కొత్త మిక్స్ విల్సనే చేశాడు. వాయిద్యాలు ఇంకొంచెం విడివిడిగా వినిపిస్తాయి అందులో. కానీ నాకు 2003 నాటిదే ఇష్టం, కాస్త మూసుకుపోయినట్టు ఉండటమే దానికి అందం. ఇది అలవాటు కూడా కావచ్చు.

మెటల్ సీనియర్లను మార్చాలంటే మాత్రం ఆల్బమ్ వినిపించకు, ‘లామెంటేషన్స్’ డీవీడీ చూపించు. 2003లో లండన్ షెపర్డ్స్ బుష్ ఎంపైర్‌లో చేసిన కచేరీ. మొదటి సగం ‘డామ్నేషన్’ పాటలన్నీ వాయించి, రెండో సగంలో గర్జించే పాటలు మొదలుపెడతారు. అదే మనిషి, అదే గొంతు. మొదటి సగంలో పట్టి ఉంచిందేమిటో రెండో సగంలో తెలుస్తుంది. నేను వాళ్లను ఎదురుగా చూసే అవకాశం ఒక్కసారి వచ్చింది, 2009లో చెన్నై ఐఐటీ వాళ్ల ఉత్సవం సారంగ్‌కి వచ్చారు, సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మూడు నాలుగు గంటల దూరం. ఆ రోజే చిత్తూరులో ఒక రిసెప్షన్‌కి కీబోర్డు ఒప్పుకుని, అడ్వాన్సు తీసుకుని ఖర్చు పెట్టేసి ఉన్నాను. పెళ్లికొడుకు మేనమామ స్టేజీ ఎక్కి మైకు లాక్కుని ఐదు పాటలు పాడాడు. దాని గురించి ఇంతకంటే చెప్పను.

వాయించడం గురించి రెండు ముక్కలు. ‘విండోపేన్’ మొదలు నేర్చుకునే ప్రతి పిల్లాడూ ఒకే తప్పు చేస్తాడు, ఎడమ చేతి వేలు ఒక్క క్షణం ముందే ఎత్తేస్తాడు, తర్వాతి పొజిషన్‌కి పరిగెత్తాలన్న ఆత్రంతో. చూసేవాడికి తెలియదు, వినేవాడికి మాత్రం ప్రతి స్వరం తల తెగినట్టు వినిపిస్తుంది. ముందు స్వరం మోగుతూ ఉండగానే తర్వాతిది దాని మీద పడాలి, రెండూ కాసేపు ఒరుసుకోవాలి, మా వయొలిన్ వాడు పంటి కింద రాయి అన్నది అదే. మెట్రోనోమ్ (లయ కొట్టే పరికరం) 60 దగ్గర పెట్టి, వేలు ఎంత ఆలస్యంగా ఎత్తగలవో అంత ఆలస్యంగా ఎత్తడం ప్రాక్టీస్ చెయ్యి. ఎలక్ట్రిక్ ఉంటే మెడ వైపు పికప్ (తీగల శబ్దం పట్టే భాగం) పెట్టుకో, కొంచెం రివర్బ్ (ప్రతిధ్వని), అంతే. అకౌస్టిక్ అయితే పిక్ పక్కన పడేసి వేళ్లతో మీటు. అన్ని తీగలూ ఒకే బలంతో మీటకు, బొటనవేలు కాస్త గట్టిగా, మిగతావి తాకీ తాకనట్టు.

ఇది నచ్చాక తర్వాతేమిటి అంటావేమో. అనాథెమా ‘హైండ్‌సైట్’, కాటటోనియా ‘డెత్రోన్డ్ అండ్ అన్‌క్రౌన్డ్’ చాలామంది చెబుతారు, అవి రెండూ వాళ్ల పాత పాటలనే మెత్తగా తిరగరాసినవి. బాగుంటాయి, కానీ ఒరిజినల్ తెలిసిన చెవికి పోలికతోనే సరిపోతుంది. నార్వే బ్యాండ్ గ్రీన్ కార్నేషన్ వాళ్ల 2006 ఆల్బమ్ ‘ది అకౌస్టిక్ వర్సెస్’ అట్లా కాదు, కొత్త పాటలే, పేరుకు తగ్గట్టు అకౌస్టిక్ కూడా. నేనైతే నిన్ను ముందు దాని దగ్గరికి పంపిస్తా.

మెలోట్రాన్ ఎట్లా వినిపిస్తుందో విడిగా వినాలనుంటే ఆదివారం సాయంత్రం ఐదు తర్వాత మా క్లాసుకి రా, నిజంది లేదు గానీ కీబోర్డులో ఆ శబ్దం పెట్టి చూపిస్తా. గిటార్ తెచ్చుకో, తీగలు పాతవైతే మార్చుకుని రా.